'కబూల్' అనే ముందు

గత నెల ఒక ఆదివారం పొద్దున యూనియన్ ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక సోదరుడు కూర్చుని ఉన్నాడు. రాత్రి పాళీ ముగించుకొని ఇంటికి పోకుండా నేరుగా వచ్చాడు. తలమీద, చొక్కామీద దూది పింజలు అలాగే ఉన్నాయి. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. చూస్తే కోర్టు వారంటు. ముందురోజు సాయంత్రం పోలీసు జవాను ఇంటికి వచ్చి, గడపలో బీడీలు చుడుతున్న అతని భార్య చేతికి ఇచ్చి, నలుగురూ వినేటట్టు నాలుగు మాటలు చెప్పి పోయాడట.

"అన్నా, ఇంత చిన్న దానికి వారంట్ వస్తదా?" అని అడిగాడు.

సంగతి చిన్నదే. ఒక మోటారు సైకిలు మీద ముగ్గురు కార్ఖానాకు పోతూ దొరికారు. చలాన్ కట్టలేదు. కేసు కోర్టుకు పోయింది. సమను వచ్చింది. దాన్ని దేవుని పటం వెనుక పెట్టాడు. తారీఖు నాడు కార్ఖానాలో అర్జెంటు ఆర్డరు ఉంది. ఒక్క రోజు పోకుంటే ఆ రోజు పగారు పోతుంది. అందుకని కోర్టుకు పోలేదు. ఆ పైన ఒక ఏజెంటు "నేను చూసుకుంటా" అని 3,000 రూపాయలు తీసుకున్నాడు. ఆయన చూసుకున్నది ఆ 3,000 ఒక్కటే.

సోమవారం అతనితో కలిసి కోర్టుకు పోయాము. వారంటు రద్దుకు అర్జీ పెట్టించి, జరిమానా కట్టించి, మధ్యాహ్నం రెండు గంటలకల్లా బయటపడ్డాము. ఏజెంటుకు ఇచ్చినదానితో చూస్తే జరిమానా సగం కూడా కాదు.

ఈ సంచికలో బోనసు సంగతి రాయవలసి ఉంది. అది లోపలి పేజీల్లో ఉంది. ఈ చోటును కోర్టు కాగితాల కోసం కేటాయించడానికి కారణం, ఈ ఒక్క సోదరుడే కాదు. ఈమధ్య మా దగ్గరికి వచ్చే కాగితాల్లో జీతం కాగితాల కంటే చలాన్లు, సమన్లు ఎక్కువయ్యాయి. షోలాపూర్‌లో ఒకప్పుడు మన వాళ్లు పేటల్లో ఉండి, నడిచి కార్ఖానాకు పోయేవారు. కుంభారిలో 2006లో బీడీ కార్మికుల ఇళ్లు, 2024లో రాయ్‌నగర్ ఇళ్లు చేతికి వచ్చాక చాలా కుటుంబాలు ఊరికి దూరంగా వెళ్లాయి. సొంత ఇల్లు వచ్చింది, సంతోషం. కాని అక్కడి నుంచి అక్కల్‌కోట్ రోడ్డు కార్ఖానాలకు పాళీ వేళకు చేరాలంటే బండి ఉండాలి. బండి అంటే లైసెన్సు, ఇన్సూరెన్సు, హెల్మెట్, చలాన్. మన ఖర్చుల లెక్కలో ఇది కొత్త పద్దు.

అయితే మేము చెప్పదలచుకున్నది జరిమానా డబ్బు గురించి కాదు. కోర్టులో నిలబడి మనం అనే ఒక మాట గురించి. ఆ మాట ఖరీదు మాకు ఎలా తెలిసిందో ముందు చెబుతాము.

1990 ప్రాంతంలో మేము ఒక మిల్లులో బదిలీ కార్మికులుగా ఉండేవాళ్లం. రెండో పాళీ అర్ధరాత్రి విడిచేది. ఒక రాత్రి నలుగురం రెండు సైకిళ్ల మీద వస్తున్నాము. దీపాలు లేవు, పైగా డబల్ సీటు. చౌకీ దగ్గర ఆపారు. మరాఠీలో రాసిన కాగితం మీద సంతకాలు పెట్టించుకొని, తెల్లవారి కోర్టుకు రమ్మన్నారు. పోయాము. మాకంటే ముందు ముప్పై నలభై మంది వరుసలో ఉన్నారు. పేరు పిలుస్తారు, మనిషి ముందుకు పోతాడు, "గున్హా కబూల్ ఆహే కా?" అని అడుగుతారు, "కబూల్" అంటాడు, అంతే. ఒక్కొక్కరికి ఒక నిమిషం కూడా పట్టలేదు. మేమూ అదే మాట అన్నాము. జరిమానా కట్టి, బయటికి వచ్చి చాయ్ తాగి, దీపం కొనుక్కున్నా ఇంతకంటే తక్కువే అయ్యేది కదరా అని నవ్వుకొని రెండో పాళీకి పోయాము.

మిల్లు మూతపడ్డ తరువాత మాలో ఒకతను గల్ఫ్‌కు పోదామని పాస్‌పోర్టుకు పెట్టుకున్నాడు. పోలీసు విచారణలో ఆ పాత కాగితం బయటికి వచ్చింది. అందులో సైకిలు దీపం మాట ఎక్కడా లేదు. అర్ధరాత్రి వేళ అనుమానాస్పదంగా తిరుగుతూ దొరికాడు అని ఉంది. 1951 నాటి పోలీసు చట్టంలో అలాంటి సెక్షను ఉంది, 122. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా అనుమానం కలిగే పరిస్థితిలో దొరికిన మనిషికి పెట్టేది. మేము నలుగురం నవ్వుతూ కబూల్ చేసింది అది. ఆ మిత్రుడు ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పాస్‌పోర్టు వచ్చింది కాని అప్పటికి ఆ పని పోయింది. ఏడో తరగతి దాకా మరాఠీ చదివిన మనిషిని మాలో ఒకడు ఉండి కూడా ఆ కాగితం చదవలేదు. ఆ ఒకడు ఈ సంపాదకీయం రాస్తున్నవాడే.

చట్టం ఇలా ఉండాలని చెప్పలేదు. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. పాతదానిలో ఉన్న నియమమే కొత్తదానిలోనూ ఉంది. చిన్న కేసుల్లో ముద్దాయి హాజరైనప్పుడు అతని మీద ఉన్న ఆరోపణ ఏమిటో మేజిస్ట్రేటు అతనికి చెప్పాలి. నేరం ఒప్పుకుంటావా, లేక నీ తరఫున చెప్పుకొనేది ఉందా అని అడగాలి. ఒప్పుకుంటే అతను అన్న మాటలను వీలైనంతవరకు అతని మాటల్లోనే రాసుకోవాలి. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే, అతనికి తెలిసే భాషలో వినిపించాలి. ఇవి మనం బతిమాలి తీసుకొనేవి కావు.

కాని వరుసలో యాభై మంది ఉన్న రోజు ఇవన్నీ తమంతట తామే జరగవు. అడిగినవాడికి జరుగుతాయి. "సాహెబ్, ఏ కేసో నాకు అర్థం కాలేదు, చెప్పండి" అని మరాఠీలోనో హిందీలోనో రెండు మాటలు అనగలిగితే చాలు. మరాఠీ బజారులో మాట్లాడేది వేరు, కోర్టు కాగితంలో రాసేది వేరు. మన పిల్లలు మరాఠీ బడుల్లో చదివి గడగడ మాట్లాడుతున్నారు. వాళ్లకు కూడా ఆ కాగితం ఒక పట్టాన అర్థం కాదు. తెలుగు తప్ప రాని అక్కలు, ముసలివాళ్లు "నాకు తెలుగులో చెప్పించండి" అని అడగడానికి సిగ్గుపడవలసిన పని లేదు. వకీలును పెట్టుకోవడానికి వాయిదా కావాలని కూడా అడగవచ్చు.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. చలాన్ కట్టడం వేరు, కోర్టులో కబూల్ అనడం వేరు. మోటారు వాహనాల చట్టం 200 సెక్షను కింద కొన్ని తప్పులకు నిర్ణయించిన సొమ్ము కడితే కేసు అక్కడితో ముగుస్తుంది. అది రాజీ వంటిది, శిక్ష కాదు. కోర్టులో నేరం ఒప్పుకుంటే అది శిక్ష పడిన కేసుగా రికార్డుకు ఎక్కుతుంది. కాబట్టి మన తప్పు నిజంగా ఉన్న చోట, చలాన్ దశలోనే కట్టేయడం మంచిది. హెల్మెట్ లేకుండా పోయి, యూనియన్ పేరు చెప్పి విడిపించుకుందామని చూసేవాళ్లకు మేము సాయం చేయము. సాంచాల మధ్య ముప్పై ఏళ్లు పనిచేసి బతికిన తల, కుంభారి రోడ్డు మీద రాయికి తగిలి పోవడం మేము చూశాము.

లెక్కలు తెలిసి ఉండాలి. 2019 సెప్టెంబరు 1 నుంచి కేంద్రం జరిమానాలు పెంచింది. మహారాష్ట్రలో కొత్త రేట్లు 2021 డిసెంబరులో వచ్చాయి. చట్టం ప్రకారం హెల్మెట్ లేకుంటే 1,000, ఒక బండి మీద ముగ్గురు పోతే 1,000. ఈ రెండింటికీ డబ్బుతోపాటు మూడు నెలలు లైసెన్సు పోయే మాట కూడా ఉంది. టెంపో నడుపుకొని బతికే సోదరులు ఇది గుర్తు పెట్టుకోవాలి. లైసెన్సు లేకుండా నడిపితే 5,000, అలాంటివాడికి బండి ఇచ్చినవాడికీ 5,000. ఇన్సూరెన్సు లేకుంటే మొదటిసారి 2,000. రోడ్డు మీదనే కట్టి ముగించే సొమ్ము ఎంతో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అది కొన్నింటికి తక్కువ ఉండవచ్చు. ఎంత కట్టినా రసీదు ఉండాలి. రసీదు లేకుండా ఇచ్చింది జరిమానా కాదు, అది ఏమిటో మనందరికీ తెలుసు. కాగితాలు ఇంట్లో మరిచిపోతే భయపడవద్దు. డిజిలాకర్‌లో గాని, ఎంపరివాహన్‌లో గాని ఉన్న లైసెన్సు, ఆర్సీ చెల్లుతాయని 2018లోనే నియమం మార్చారు. ఫోనులో తీసి పెట్టుకొన్న ఫొటో మాత్రం పనికిరాదు.

తాగి నడిపిన కేసుకు ఈ రాజీ దారి లేదు. తప్పనిసరిగా కోర్టుకే పోవాలి. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. దీని గురించి ఇంతకంటే రాయము.

పిల్లల సంగతి మాత్రం రాయక తప్పదు. పదహారేళ్ల కొడుకు తండ్రికి టిఫిను డబ్బా ఇవ్వడానికి బండి వేసుకొని కార్ఖానా గేటు దాకా వస్తాడు. తల్లికి ముచ్చట, తండ్రికి గర్వం. 2019లో వచ్చిన 199ఏ సెక్షను ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే శిక్ష తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి పడుతుంది. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. తనకు తెలియకుండా జరిగిందని, తాను తగినంత జాగ్రత్త పడ్డానని నిరూపించుకొనే భారం తండ్రిదే. ఇంటి తాళంచెవి ఎక్కడ పెడతామో బండి తాళంచెవి కూడా అక్కడే పెడితే ఏ కోర్టు ఆ మాట నమ్ముతుంది?

పాత బండ్ల విషయంలో మన వాళ్లు చేసే పొరపాటు అందరికంటే పెద్దది. పక్క సాంచా మీద పనిచేసేవాడి బండి చేతి మీద డబ్బు ఇచ్చి కొంటారు. పేరు మార్చుకోరు. ఆర్టీవో ఆఫీసుకు పోతే ఒక రోజు పగారు పోతుందని, ఏజెంటు ఎక్కువ అడుగుతాడని వాయిదా వేస్తారు. చలాన్ బండి నంబరు మీద పడుతుంది. నోటీసు అమ్మినవాడి ఇంటికి పోతుంది. అతను కార్ఖానా మారి భివండికో ఇచల్‌కరంజికో పోయి ఉంటాడు. ఇద్దరి స్నేహం చెడుతుంది, ఇది చిన్న నష్టం. ఆ బండి కింద ఎవరైనా పడితే? రిజిస్ట్రేషనులో ఎవరి పేరు ఉంటే అతనే యజమాని, పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మి నాలుగేళ్లయింది సాహెబ్ అంటే వినరు. రాష్ట్రంలోపలి అమ్మకం అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30. వీటిని నింపడానికి ఏజెంటు అక్కర లేదు, మా ఆఫీసులో కూర్చొని నింపుకోవచ్చు.

వాట్సాప్‌లో చలాన్ పేరుతో ఫైలు పంపి, తెరిస్తే బ్యాంకు ఖాతా ఊడ్చేసే దొంగలు కూడా తయారయ్యారు. చలాన్ ఉందో లేదో ప్రభుత్వ చలాన్ సైటులో బండి నంబరు వేసి మీరే చూసుకోండి. పంపిన ఫైలు మాత్రం తెరవవద్దు.

కోర్టు సమను వచ్చినప్పుడు అన్నిసార్లూ మనిషి పోవలసిన పని కూడా లేదు. జైలు శిక్ష లేని వాహన కేసుల్లో, వకీలు ద్వారా హాజరు కావచ్చని గాని, తప్పు ఒప్పుకొని రాసిన సొమ్ము తారీఖుకు ముందే పంపి ముగించుకోవచ్చని గాని సమను మీదనే రాయాలని 208 సెక్షను చెబుతుంది. ఆ రెండు వరుసలు చదవక పగారు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. అలాగే, జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న నేరానికి ఆరు నెలలు దాటాక కోర్టులో కేసు వేస్తే దాన్ని స్వీకరించరాదన్న గడువు ఉంది. లెక్క పెట్టేది కేసు దాఖలైన తేదీతో, మనకు సమను అందిన తేదీతో కాదు. తగిన కారణం ఉంటే ఆ ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు కూడా. కాబట్టి పాతదని చించిపారేయకండి, తారీఖులు చూపించండి.

లోక్ అదాలత్ సంగతి కొందరికి తెలుసు. ఏడాదిలో కొన్నిసార్లు జరుగుతుంది, రాజీకి వీలున్న చలాన్ కేసులు అక్కడ తీరుతాయి. కోర్టు ఫీజు లేదు. అక్కడ జరిగేది ఇద్దరి అంగీకారంతోనే. సొమ్ము ఎక్కువనిపిస్తే ఒప్పుకోకుండా రావచ్చు. ఒకసారి ఒప్పుకుంటే మాత్రం దాని మీద అప్పీలు లేదు.

ఇప్పుడు రోడ్డు విడిచి చౌకీ, కార్ఖానా గేటు దగ్గరికి వద్దాము. కబూల్ అనే మాట అసలు నష్టం చేసేది ఇక్కడ.

ఇరవై రెండేళ్ల సర్వీసు ఉన్న ఒక సోదరుడి సంచిలో రెండు సెకండ్సు టవళ్లు దొరికాయని గేటు దగ్గర పట్టుకున్నారు. పోలీసులు వచ్చారు. "కోర్టులో ఒప్పేసుకో, ఐదారు వందలు జరిమానా పడుతుంది, ఎల్లుండి నుంచి పనిలోకి రా" అని మేనేజరు మంచిమాటగానే చెప్పాడు. ఆ మనిషి భయపడి సరే అన్నాడు. అతని భార్య పరుగెత్తుకొని మా దగ్గరికి వచ్చింది, లేకుంటే మాకు తెలిసేదే కాదు. నౌకరు యజమాని సొత్తు దొంగిలించడం అనేది మామూలు దొంగతనం కాదు. పాత చట్టంలో 381, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 306. ఏడేళ్ల దాకా శిక్ష పడే సెక్షను. జరిమానాతో పోతుందని మేనేజరు చెప్పిన మాట నిజమే అనుకుందాం. ఆ తరువాత? ఉద్యోగంలో ఉండగా నైతిక పతనం కింద వచ్చే నేరం చేశాడని పనిలోంచి తీసేస్తే గ్రాట్యుటీ కూడా పట్టుకోవచ్చని 1972 గ్రాట్యుటీ చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మాట ఉంది. రెండు టవళ్లకు ఇరవై రెండేళ్లు.

అతను కబూల్ అనలేదు. వకీలు దొరికాడు, ఎలా దొరికాడో కింద చెబుతాము. ఈ సెక్షను కేసును సొత్తు యజమాని కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. రాజీ అయితే ముద్దాయి విడుదలైనట్టే లెక్క. కార్ఖానాదారుతో నాలుగుసార్లు కూర్చున్నాము. చివరికి రాజీ అర్జీ పెట్టాడు. టవళ్లు తీశాడా లేదా అని మమ్మల్ని అడగకండి. తీసి ఉంటే తప్పు. ఆ తప్పుకు శిక్ష ఎంతో నిర్ణయించేది కోర్టు, గేటు దగ్గర నిలబడిన మేనేజరు కాదు.

మొదటిసారి తప్పు చేసినవాడికి చట్టమే ఒక దారి పెట్టింది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద, ఇంతకుముందు శిక్ష పడని మనిషిని కొన్ని నేరాల్లో మందలించి వదిలిపెట్టవచ్చు. నౌకరు దొంగతనం కూడా ఆ జాబితాలో ఉంది. కాని 'ఇంతకుముందు శిక్ష పడని మనిషి' అన్నది చూడండి. ఏ పేకాట కేసులోనో, అర్ధరాత్రి కేసులోనో ముందే నవ్వుతూ కబూల్ అని వచ్చి ఉంటే ఆ మందలింపు దారి మూసుకుపోవచ్చు.

పేకాట కేసులు పగారు రోజు సాయంత్రం వస్తాయి. 1887 నాటి జూదం చట్టం ఇంకా నడుస్తోంది. జూదం నడిచే ఇంట్లో ఆట సమయంలో దొరికినవాడు ఆడడానికే వచ్చాడని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసింది అతనే. బాకీ వసూలుకు పోయినవాడు, అన్నను పిలవడానికి పోయిన తమ్ముడు కూడా అందులో చిక్కుతారు. ఆడనివాడు ఎందుకు కబూల్ అనాలి? తాగి వీధిలో గొడవ చేసిన కేసుకు న్యాయ సంహిత 355లో 24 గంటల జైలు, లేదా 1,000 దాకా జరిమానా, లేదా సమాజ సేవ అని పెట్టారు. ఈ సమాజ సేవ కొత్త శిక్ష. అడిగితే ఇవ్వవచ్చు.

చాప్టర్ కేసు గురించి కార్యకర్తలకు ఒక మాట. గేటు దగ్గర సభ పెడితే, కూలి రేటు కోసం సాంచాలు ఆపితే, యజమాని ఫిర్యాదు మీద మనవాళ్లకు ఈ నోటీసులు వస్తాయి. పాత 107, ఇప్పటి 126. ఇది నేరం చేశావన్న కేసు కాదు. శాంతికి భంగం చేస్తావేమోనని ముందుగా పూచీ అడగడం. ఇందులో కబూల్ చేయడానికి నేరమే లేదు. బాండు రాయమంటే ఎంత సొమ్ముకు, ఎన్ని నెలలకు అని చదవనిదే సంతకం పెట్టవద్దు. బాండు గడువులో మళ్లీ గొడవ కేసు పడితే ఆ సొమ్ము పోతుంది, అందుకే యజమానులకు ఈ సెక్షను అంటే ఇష్టం. నోటీసుకు వ్రాతపూర్వకంగా జవాబు ఇవ్వవచ్చు. ఆ జవాబు యూనియన్ రాసి ఇస్తుంది.

ఇక వకీలు ఎలా దొరికాడో చెబుతాము. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షనులో ఉచితంగా వకీలును పొందే హక్కు ఎవరెవరికి ఉందో రాసి ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు, ఆదాయం తక్కువ ఉన్నవారు. ఈ వరుసలోనే పారిశ్రామిక కార్మికుడు అని విడిగా ఉంది. ఆదాయం ఎంత అన్న ప్రశ్న లేదు. పరిశ్రమలో కార్మికుడైతే చాలు. మన బీడీ అక్కలకు స్త్రీలుగా ఆ హక్కు ఎలాగూ ఉంది. ముప్పై ఏళ్లు యూనియన్‌లో ఉండి ఈ ఒక్క ముక్క మేము చాలా ఆలస్యంగా తెలుసుకున్నాము. అంతకుముందు మేము కూడా సభ్యులను ఏజెంట్ల దగ్గరికే పంపాము. అది మా తప్పు, రాసుకోక తప్పదు.

జిల్లా కోర్టులో న్యాయ సేవల ప్రాధికరణ ఆఫీసు ఉంది. తెల్ల కాగితం మీద అర్జీ రాసినా తీసుకుంటారు. ఫోను చేయాలనుకుంటే 15100. అక్కడ అడిగేది ఒక్కటే, నువ్వు కార్మికుడివని ఏమిటి ఆధారం?

ఇక్కడే మన గొంతులో వెలక్కాయ పడుతుంది. స్పిన్నింగు మిల్లులో ఉన్నవాడి దగ్గర బ్యాడ్జి, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు ఉంటాయి. మరమగ్గం షెడ్డులో పన్నెండేళ్లు పనిచేసినవాడి దగ్గర? వారం వారం చేతికి వచ్చే డబ్బు, దాన్ని రాసిపెట్టిన కార్ఖానాదారు చిట్టా. ఆ చిట్టా అతని అల్మారాలో ఉంటుంది. హాజరీ కార్డు కావాలని మనం ఇన్నేళ్లుగా అడుగుతున్నది బోనసు కోసం, పీఎఫ్ కోసం అని అందరూ అనుకుంటున్నారు. కోర్టు మెట్ల మీద కూడా అదే కార్డు కావాలి. అది వచ్చేదాకా యూనియన్ సభ్యత్వ రసీదు, మా ఉత్తరం, తోటి కార్మికుడి అఫిడవిట్ జతచేసి పంపుతున్నాము. ఇప్పటివరకు మేము పంపిన అర్జీలు తిరిగి రాలేదు. కాని రసీదు ఉండాలంటే చందా కట్టి ఉండాలి. కేసు వచ్చిన రోజున పాత తేదీ వేసి రసీదు ఇమ్మని అడిగేవాళ్లు ఉన్నారు. ఇవ్వము.

కార్ఖానాదారుల సంఘానికి ఈ నెల రాసిన ఉత్తరంలో ఒక కోరిక కలిపాము. సమను చూపించినవాడికి ఆ రోజు గైర్హాజరు వేయవద్దు, సాంచాలు మరొకరికి ఇచ్చేయవద్దు, మరుసటి పాళీలో పని ఇవ్వండి అని. పగారు ఇమ్మని అడగలేదు. కోర్టుకు పోతే సాంచాలు పోతాయన్న భయమే సమన్లను దేవుని పటాల వెనుకకు పంపుతోంది. జవాబు వచ్చాక ఈ పేజీలోనే అచ్చువేస్తాము.

ప్రతి ఆదివారం పొద్దున 10 నుంచి 1 దాకా ఆఫీసులో కాగితాలు చదివి చెప్పడానికి ఇద్దరం కూర్చుంటున్నాము. ఒకరికి మరాఠీ బాగా వచ్చు. రాత్రి పాళీ వాళ్లు ముందు వస్తే ముందు చూసి పంపుతాము. చలాన్ అయితే బండి ఆర్సీ, కోర్టు కాగితమైతే అది వచ్చిన కవరు కూడా తెండి. కవరు పారేయవద్దు. దాని మీద పోస్టు ముద్ర తారీఖు ఉంటుంది.